ఫోన్‌లో ఎండ, వారధి మీద మంచు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే గోడు. విజయవాడ, గుంటూరు మధ్య పొద్దున్నే తిరిగేవాళ్లు, పొగమంచులో చిక్కుకుని ఆఫీసులకీ కాలేజీలకీ ఆలస్యమైనవాళ్లు, ఫోన్ ఒకటి చెబితే బయట ఇంకొకటి ఉందని విసిగిపోయినవాళ్లు రాశారు. మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి అట్టిపెట్టి ఈసారి వీటికే జవాబులు ఇస్తున్నాను. నేను కూడా 19 ఏళ్లు ఈ దారిలోనే ఉద్యోగానికి తిరిగినదాన్ని. డిసెంబరు వస్తుందంటే మొదలయ్యే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

ప్రశ్న: అక్కా, మాది పటమట. గుంటూరులో ఒక ప్రైవేటు సంస్థలో పని చేస్తున్నాను. ఎనిమిదింటికల్లా వేలిముద్ర పడాలి, పది నిమిషాలు దాటితే సగం రోజు జీతం కట్. మొన్న రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో చూస్తే సూర్యుడి బొమ్మ, పక్కన ‘ఆకాశం నిర్మలం’ అని ఉంది. సరే అని మామూలు టైముకే బయల్దేరాను. కృష్ణ మీద వారధి ఎక్కేసరికి ముందున్న లారీ కూడా కనిపించడం లేదు, బస్సు నత్తలా నడిచింది, నేను వెళ్లేసరికి ఎనిమిదీ నలభై. ఈ నెలలో ఇది మూడోసారి. ఇంకో రోజేమో మంచు పడుతుందని వస్తే ఐదింటికే లేచి ఉరుకులు పరుగుల మీద వెళ్లాను, ఆ రోజు నీరెండ కాసింది. అసలు ఈ సూచనల్ని నమ్మాలా, వద్దా?
– పటమట నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ కోపం న్యాయమైనదే. కష్టపడి వెళ్లాక కూడా జీతం పోతే ఎవరికైనా కడుపు మండుతుంది. అయితే ఆ రాత్రి మీ ఫోన్ ‘ఆకాశం నిర్మలం’ అని చెప్పింది చూశారూ, ఆ మాట నిజమే. నిర్మలంగా ఉంది కాబట్టే తెల్లారేసరికి మంచు పట్టింది. మబ్బు ఉంటే భూమికి దుప్పటి కప్పినట్టు, పగలు నేల పీల్చుకున్న వేడిని అంత తేలిగ్గా పైకి పోనివ్వదు. మబ్బు లేని రాత్రి ఆ వేడంతా పోయి నేల చల్లబడుతుంది, నేలని ఆనుకున్న గాలి కూడా చల్లబడుతుంది, అప్పుడు ఆ గాలిలోని తేమ ఆవిరిగా నిలవలేక కంటికి ఆనని నీటి బొట్లుగా మారి గాల్లోనే తేలుతూ ఉండిపోతుంది. మన దగ్గర తేమకి కొదవ లేదు. బ్యారేజీ వెనక నిండుగా కృష్ణ, ఊళ్లో బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, అవతలి ఒడ్డున గుంటూరు వైపు పొలాలు, కోతలయ్యాక కూడా తడి ఆరని మాగాణి. అందుకే మనకి మంచు పట్టడానికి ఉత్తరాది చలి అక్కర్లేదు, 18 డిగ్రీల దగ్గర కూడా పట్టేస్తుంది.

ఇక ఆ సూర్యుడి బొమ్మ సంగతి. అది రోజంతటికీ కలిపి వేసే బొమ్మ. పొద్దున 5 నుంచి 8 దాకా మంచు ఉండి, ఆ తర్వాత సాయంత్రం దాకా ఎండ కాస్తే యాప్ వేసేది సూర్యుడినే. మీ ప్రయాణం ఆ మూడు గంటల్లో ఉంది. బొమ్మ చూడటం మానేసి గంట గంటకీ ఇచ్చే వివరాలు తెరిచి చూడండి, అందులో విజిబిలిటీ అని, అంటే ఎంత దూరం దాకా కనిపిస్తుందో చెప్పే ఒక అంకె ఉంటుంది, మనకి పనికొచ్చేది అదే.

అది కూడా ఒక్కోసారి తప్పుతుంది. ఎందుకంటే ఫోన్‌లో కనిపించేది చాలావరకు కంప్యూటర్ వేసిన లెక్క. భూమిని గళ్లు గళ్లుగా విడగొట్టి గడికో అంకె ఇస్తుంది. యూరప్ వాళ్ల మోడల్‌లో ఒక్కో గడి దాదాపు 9 కిలోమీటర్లు, మన దేశం 2025 మేలో మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో 6 కిలోమీటర్లు, దానికి ముందు వాడినది 12. ఆరు కిలోమీటర్లంటే వారధి, బ్యారేజీ, సీతానగరం కొండ, తాడేపల్లి ఇళ్లు ఒకే గడిలో పడిపోవచ్చు. నది మీద మంచు కమ్ముకుని ఉంటుంది, కిలోమీటరు అవతల ఇళ్ల మధ్య రోడ్డు తేటగా ఉంటుంది, లెక్కలో మాత్రం రెండింటికీ కలిపి ఒకటే అంకె. పైగా అరడిగ్రీ తేడా వచ్చినా, గాలి కొంచెం కదిలినా మంచు పట్టేది పట్టకుండా పోతుంది. మీరు ఐదింటికి లేచిన రోజు జరిగింది అదే అయి ఉంటుంది.

ఇంకొకటి చాలామందికి తెలియదు. యాప్‌లో ‘ఇప్పుడు’ అని చూపించేది కూడా మీ వీధిలో కొలిచింది కాదు. మీకు దగ్గర్లో కొలిచే కేంద్రం లేకపోతే అది కూడా అంచనానే. గన్నవరం ఎయిర్‌పోర్టులో అరగంటకోసారి విజిబిలిటీ నమోదు చేస్తారు, విమానాలు దిగాలి కాబట్టి అది పక్కాగా ఉంటుంది, కానీ గన్నవరం ఎక్కడ, వారధి ఎక్కడ, మధ్యలో ఊరంతా ఉంది. మచిలీపట్నంలో డాప్లర్ రాడార్ ఉందిగా అంటారేమో, అది వాన మబ్బుల్ని పట్టుకోవడానికి. నేలని అంటుకుని ఉండే ఈ సన్న బొట్లు దానికి కనిపించవు.

కాబట్టి నేను చేసిన పని చెబుతాను. రాత్రి తొమ్మిదిన్నర, పది మధ్య ఒకసారి మేడ మీదకి వెళ్లేదాన్ని. చుక్కలు తేటగా కనిపిస్తున్నాయా, కొబ్బరాకు కదులుతోందా, ఎవరైనా చెత్త తగలబెడితే ఆ పొగ పైకి పోతోందా లేక వీధిలోనే పరుచుకుంటోందా చూసేదాన్ని. కిందకి దిగి మా ఆయన స్కూటర్ సీటు మీద చెయ్యి పెట్టేదాన్ని. పదింటికే సీటు తడిగా తగిలి, అరచేతికి నీళ్లు అంటుకుంటే పొద్దున మంచు ఖాయమనుకుని అలారం ముప్పావుగంట ముందుకి జరిపేదాన్ని. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి రెండు రోజులు ముసురు కురిసి, మూడో రోజు సాయంత్రం ఆకాశం ఒక్కసారిగా విచ్చుకుందనుకోండి, ఆ మర్నాడు పొద్దున మరీ జాగ్రత్త, నేలంతా తడి, పైన మబ్బు లేదు. ఇప్పుడైతే ఫోన్‌లో డ్యూ పాయింట్ అని ఇంకో అంకె కూడా వస్తోంది. గాలి ఎంతకి చల్లబడితే అందులోని తేమ నీరుగా మారుతుందో ఆ డిగ్రీ అది. రాత్రి పదింటికి ఉష్ణోగ్రతకీ దానికీ తేడా రెండు, మూడు డిగ్రీలే ఉండి, గాలి ఆడకుండా ఉంటే సూర్యుడి బొమ్మని పట్టించుకోకండి. గాలి వీస్తున్నా, మబ్బు పట్టి ఉన్నా నిశ్చింతగా పడుకోండి. ఇది కూడా నూటికి నూరుపాళ్లు నిలవదు, కానీ నాకు ఆ బొమ్మ కంటే ఎక్కువ రోజులు పనికొచ్చింది.

మంచు ఖాయమని తేలిన రోజు ఇంకో పది నిమిషాలు ముందు బయల్దేరితే చాలు అనుకోకండి. సూర్యోదయం అవగానే మంచు విడిపోతుందని అందరూ అనుకుంటారు, చాలాసార్లు ఆ సమయానికే ఇంకా చిక్కబడుతుంది, విడిపోవడానికి ఆ తర్వాత గంటో రెండు గంటలో పడుతుంది. మనకి జనవరిలో సూర్యుడు వచ్చేదే 6:40 ప్రాంతంలో. డిసెంబరు 21, 22 తేదీలు దాటాక పగలు పెరుగుతుంది, నిజమే, కానీ మన దగ్గర పొద్దు పొడిచే సమయం మాత్రం సంక్రాంతి దాకా ఇంకా వెనక్కే జరుగుతూ ఉంటుంది. అంటే మీరు వారధి ఎక్కే వేళకి మంచు మంచి జోరు మీద ఉంటుంది.

ఒక జనవరి పొద్దున నేను ఎక్కిన బస్సు వారధి మధ్యలో దాదాపు ఆగిపోయింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టి తెల్ల గీత చూసుకుంటూ నడుపుతున్నాడు, కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి చేత్తో రేకు మీద తడుతూ ‘రానీ, రానీ’ అంటున్నాడు. నా పక్క కిటికీ ఊచకి వరుసగా నీటి బొట్లు వేలాడుతున్నాయి, ఒక్కోటి పెద్దదై ఒళ్లో ఉన్న టిఫిన్ బ్యాగు మీద పడుతోంది. కింద కృష్ణ ఉందో లేదో కూడా తెలియలేదు. ఆ రోజు బస్సులో ఒక్కరు కూడా ‘తొందరగా పోనివ్వండి’ అనలేదు. ఆలస్యమైతే అయిందమ్మా. మీ వేలిముద్ర సంగతి చివరి ఉత్తరంలో మాట్లాడతాను, అది నిజంగా మాట్లాడాల్సిన సంగతి.

ప్రశ్న: మా అబ్బాయి గుంటూరు నుంచి మంగళగిరి వైపు కాలేజీకి బైకు మీద వెళ్తాడు. పొద్దున ఆరున్నరకి బయటపడతాడు. ‘లైటు ఫుల్‌గా వేసుకుని వెళ్తా, ఏం కాదు’ అంటాడు. వాడు ఫోన్ చేసేదాకా నేనూ, వాళ్లమ్మా కాఫీ కూడా తాగం. ఏం జాగ్రత్తలు చెప్పమంటారు?
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ముందుగా చెప్పాల్సింది, మంచు దట్టంగా ఉన్న రోజు బైకు ఇంట్లో పెట్టి బస్సుకి పంపండి. డబ్బు, టైము రెండూ కలిసి రావని వాడు గొడవ పెడతాడు, పెట్టనివ్వండి. బస్సు డ్రైవరు ఎత్తులో కూర్చుంటాడు, బస్సు వెనక నుంచి వచ్చేవాళ్లకి కనిపిస్తుంది. బైకు వెనక ఉండేది అరచెయ్యంత ఎర్ర లైటు.

ఇక ఫుల్ లైటు సంగతి, వాడికి ఇది అర్థమయ్యేలా చెప్పండి. మంచు అంటే గాలినిండా నీటి బొట్లు. డిమ్ చెయ్యకుండా వేసిన లైటు ఎదురుగా ఉన్న ఆ బొట్లకి తగిలి తిరిగి వాడి కళ్లలోకే వస్తుంది, ముందు తెల్లగోడ కట్టినట్టు అవుతుంది. లో బీమ్‌లోనే పెట్టుకోవాలి, అప్పుడు వెలుగు రోడ్డు మీద పడుతుంది. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడిపే కార్లవాళ్లని కూడా చూస్తున్నాను, బండి ఆగితేనే అవి వెయ్యాలి, నడుస్తుండగా వేస్తే ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు.

వేగం గురించి లెక్క చెప్పండి, ఇంజినీరింగ్ చదివే పిల్లవాడైతే లెక్క వింటాడు. 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా 50 మీటర్లే కనిపిస్తున్నాయంటే, కనిపించిన దాన్ని గుద్దడానికి మూడు సెకన్లు. అందులో ఒక సెకను చూసి బ్రేకు మీద కాలు వెయ్యడానికే పోతుంది, మిగిలిన రెండు సెకన్లలో మంచుకి తడిసిన రోడ్డు మీద ఆపాలి. 30లో వెళ్తే ఆ మూడు సెకన్లు ఆరవుతాయి.

మన హైవే మీద నన్ను అన్నిటికన్నా భయపెట్టేవి ట్రాక్టర్లు. ఈ సీజన్లో వరిగడ్డి, పత్తి, జనవరి నుంచి మిర్చి బస్తాలు, ట్రక్కు వెడల్పు దాటి బయటికి పొంగి ఉంటాయి, వెనక లైటు ఉండదు, ఉన్నా గడ్డి కిందకి వేలాడి మూసేస్తుంది. పెదకాకాని, నంబూరు పక్కరోడ్ల నుంచి ఒక్కసారిగా హైవే ఎక్కుతాయి. ఇది చదివేవాళ్లలో ట్రాక్టరు ఉన్నవాళ్లు ఉంటే చేతులు జోడించి అడుగుతున్నాను, వెనక డోరుకి రేడియం స్టిక్కర్ వేయించండి. దాని ఖరీదు ఒక పూట డీజిలుకి రాదు.

హెల్మెట్ అద్దం లోపలి వైపు ఒక చుక్క షాంపూ రాసి పొడిగుడ్డతో తుడిస్తే ఊపిరికి అంత త్వరగా మసకబారదు. బయటి వైపు బొట్లు తుడవడానికి జేబులో చేతిరుమాలు ఉండాలి. అద్దం మసకబారిందని పైకెత్తేసి, మంచు కళ్లకి కొడుతుంటే సగం కళ్లు మూసుకుని నడపడం మాత్రం వద్దు. చీకటి రంగు స్వెటర్ మీద తెల్ల చొక్కా ఏదైనా వేసుకోమనండి, బాగుండదంటాడు, అయినా చెప్పండి. ఇక ముందుకి పోవడం కుదరదు అనిపిస్తే రోడ్డు పక్కన బండి స్టాండు వేసి నిలబడకూడదు, పెట్రోలు బంకులోకో, టీ కొట్టు లోపలికో తోసుకుని వెళ్లిపోవాలి. కాజ టోల్‌ప్లాజా దగ్గర వెలుతురు ఉంటుంది, మనుషులు ఉంటారు. హైవే మీద ఏదైనా జరిగితే 1033కి ఫోన్ చెయ్యాలి, ఆ నంబరు వాడి ఫోన్‌లో ఈరోజే పెట్టించండి.

ప్రశ్న: పేపర్లో ‘కోస్తాలో ఒకటి రెండు చోట్ల వానలు’ అంటారు. ఆ ఒకటి రెండు చోట్లలో మా ఊరు ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఇలా రాయడం తప్పించుకోవడం కాదా?
– మంగళగిరి

జవాబు: నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ ఆ మాటలకి లెక్క ఉంది. ఒక ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో 25 శాతం లోపు చోట్ల పడితే అది ‘ఒకటి రెండు చోట్ల’, 26 నుంచి 50 శాతం అయితే ‘కొన్ని చోట్ల’, 51 నుంచి 75 అయితే ‘చాలా చోట్ల’, ఆ పైన ‘దాదాపు అన్ని చోట్ల’. కాబట్టి ‘ఒకటి రెండు చోట్ల’ అని ఉంటే మీ ఊళ్లో పడకపోవడానికే ఎక్కువ అవకాశం, గొడుగు సంచిలో వేసుకుని బయల్దేరండి, పని మాత్రం మానుకోకండి. ‘చాలా చోట్ల’ అంటే మాత్రం తడవడానికి సిద్ధపడాలి. ‘భారీ వర్షం’ అనే మాటకి కూడా కొలత ఉంది, 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు, ఆ పైన.

ఉద్యోగాలకి వెళ్లేవాళ్లు గమనించాల్సింది ఇంకొకటి. వాతావరణ శాఖ వాళ్ల రోజు మన క్యాలెండర్ రోజు కాదు. పొద్దున 8:30 నుంచి మర్నాడు పొద్దున 8:30 దాకా వాళ్లకి ఒక రోజు. అంటే మంగళవారం పొద్దున ఆరున్నరకి మీరు చేసే ప్రయాణం వాళ్ల సోమవారం సూచనలోనే ఉంటుంది. సోమవారం రాత్రి మనం ‘రేపు’ అని ఉన్న చోట వెతుకుతాం, మనకి కావలసిన మాటేమో ‘ఈరోజు’ అన్న చోట ఉంటుంది. ఈ ఒక్క తేడా తెలియక ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

ప్రశ్న: నాది రైలు సీజన్ టికెట్. విజయవాడ నుంచి గుంటూరు ప్యాసింజరు. మొన్న ఇక్కడ మంచే లేదు, ఎండ కూడా వచ్చేసింది, అయినా బండి కృష్ణ దాటకముందే ముప్పావుగంట నిలబెట్టేశారు. మంచు వల్ల ఆలస్యం అని చెప్పారు. ఎక్కడి మంచు?
– సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఆ మంచు ఉత్తరాదిది అయి ఉండవచ్చు. ఢిల్లీ, ఉత్తరప్రదేశ్ వైపు నుంచి బయల్దేరిన దూరప్రయాణపు బండ్లు అక్కడి మంచులో గంటల తరబడి ఆలస్యమై, తమ టైము కాని టైములో విజయవాడ చేరతాయి. మద్రాసు వైపు పోయే ఆ బండ్లూ, గుంటూరు పోయే మీ ప్యాసింజరూ అన్నీ కృష్ణ మీద రైలు వంతెనలు దాటి కృష్ణా కెనాల్ దగ్గరే దారులు విడిపోవాలి. అప్పటికే ఆలస్యమైన ఎక్స్‌ప్రెస్ వస్తే ప్యాసింజరు ఆగుతుంది. అది మీకు అన్యాయంగా ఉంటుంది, నాకూ ఉండేది, రోజూ కూలికి పోయేవాళ్లు ఎక్కే బండి అది.

నిజంగా పట్టాల మీద మంచు ఉన్న రోజు మాత్రం ఆలస్యాన్ని తప్పు పట్టకండి. సిగ్నల్ కనిపించేదాకా లోకో పైలట్ వేగం తగ్గించుకుని రావాలి. మరీ దట్టంగా ఉంటే సిగ్నల్‌కి ముందు పట్టాల మీద చిన్న పటాకుల్లాంటివి పెడతారు, ఇంజను చక్రం కింద అవి పేలితే ‘సిగ్నల్ వస్తోంది, చూసుకో’ అని అర్థం. బయల్దేరే ముందు మీ బండి ఒక్కటే కాదు, దానికి ముందు విజయవాడ రావాల్సిన రెండు మూడు ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కడున్నాయో కూడా ఫోన్‌లో చూసుకోండి. అవి అరగంట దూరంలో వెనక పడి ఉంటే ఆ రోజు బస్టాండుకి వెళ్లిపోండి.

ప్రశ్న: పోయిన డిసెంబరులో వాయుగుండం అన్నారు, మా పిల్లల బడికి సెలవు ఇచ్చేశారు. పిల్లల్ని చూసుకోవడానికి నేను పనికి సెలవు పెట్టాను. చినుకు కూడా పడలేదు. ఇలా ప్రతిసారీ భయపెట్టి మన పనులు చెడగొట్టడం ఏమిటి?
– గుణదల

జవాబు: మీ ఒక రోజు పోయింది, అది చిన్న నష్టమేమీ కాదు. అయినా ఈ విషయంలో నేను మీతో ఏకీభవించలేను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు తీరం వెంబడే పైకి పాకుతూ వచ్చింది, చెన్నైని ముంచేసింది. అలా తీరాన్ని ఒరుసుకుంటూ వచ్చే తుపాను ఓ యాభై కిలోమీటర్లు అటు జరిగితే ఒక జిల్లా, ఇటు జరిగితే ఇంకో జిల్లా. తుపాను మ్యాపు చూసే ఉంటారు, ముందుకి పోయే కొద్దీ గరాటులా వెడల్పవుతుంది. ఆ గరాటులో ఎక్కడైనా అది పోవచ్చు అని దాని అర్థం. మనం మధ్య గీత ఒక్కటే చూసి, ఆ గీత మన ఊరి మీద నుంచి పోలేదు కాబట్టి తప్పు చెప్పారంటాం.

మంచుకీ తుపానుకీ ఉన్న తేడా కూడా ఇక్కడే ఉంది. మంచు రేపు వారధి మీద ఉంటుందా లేదా అన్నది చెప్పడం కష్టం, ఎందుకంటే అది చిన్నది, నేలని అంటుకుని ఉంటుంది. తుపాను వందల కిలోమీటర్ల వెడల్పున సముద్రం మీద కనిపిస్తూ ఉంటుంది, దాన్ని రోజుల ముందే పట్టుకుంటున్నారు. యాప్ మంచు విషయంలో తప్పిందన్న కోపంతో తుపాను హెచ్చరికని కూడా పక్కన పెట్టేవాళ్లని చూశాను, అది మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. ఆ రోజుల్లో రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి ఫోన్లకి వచ్చే మెసేజ్‌లు చదవండి, అనుమానం ఉంటే 1070కి ఫోన్ చేసి అడగండి. పిల్లల బడి సెలవుకి మీ జీతం పోవడం వేరే సమస్య, దాని మీద మీరు మీ యజమానిని అడగాలి.

ప్రశ్న: నేను గుంటూరులో ఒక చిన్న సంస్థకి మేనేజరుని. మా దగ్గర పన్నెండు మంది విజయవాడ వైపు నుంచి వస్తారు. డిసెంబరు, జనవరి వచ్చిందంటే వారానికి రెండు మూడు రోజులు ‘మంచు’ అంటారు. నేను ఉండేది బ్రాడీపేటలో, మా వీధిలో ఏ మంచూ కనిపించదు. నమ్మాలంటే ఆధారం ఏమిటి? జీతం కోయకపోతే మిగతావాళ్లు మాకెందుకు కోస్తున్నారంటారు. నోటీసు ఎలా పెట్టమంటారు?
– గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: అడిగినందుకు సంతోషం సార్, చాలామంది అడగకుండానే కోసేస్తారు. మీ వీధిలో మంచు లేకపోవడం వాళ్లు చెప్పేదానికి విరుద్ధం కాదు. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్న చోట గోడలూ, రోడ్లూ పగటి వేడిని పట్టుకుని ఉంటాయి, మంచు పల్చగా ఉంటుంది. మీ వాళ్లు వచ్చే దారిలో నది ఉంది, కాలువలున్నాయి, నాగార్జున యూనివర్సిటీ నుంచి పెదకాకాని దాకా రోడ్డుకి రెండు వైపులా ఖాళీ నేల ఉంది.

ఆధారం కావాలంటే ఉంది. వాతావరణ శాఖ లెక్కలో విజిబిలిటీ కిలోమీటరు లోపుకి పడిపోతే పొగమంచు, 200 మీటర్లకి తగ్గితే దట్టమైన మంచు, 50 మీటర్ల లోపయితే అతి దట్టం. గన్నవరం ఎయిర్‌పోర్టు నమోదు చేసే అంకెలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. అది గన్నవరం అంకె, వారధి అంకె కాదు, కానీ ఆ పొద్దున ఆ ప్రాంతం ఎలా ఉందో తెలుస్తుంది. దానికంటే మంచి ఆధారం మీ హాజరు పుస్తకంలోనే ఉంది. ఒకే రోజు ఆ పన్నెండు మందిలో తొమ్మిది మంది ఆలస్యమయ్యారా, ఒక్కరే అయ్యారా చూడండి. వేరు వేరు వీధుల నుంచి, వేరు వేరు బస్సుల్లో వచ్చే తొమ్మిది మంది కూడబలుక్కుని ఆలస్యంగా రారు.

పైన పటమట నుంచి రాసిన అమ్మాయి ఉత్తరం ఇంకోసారి చదవండి. ఎనిమిదీ పది దాటితే సగం రోజు జీతం పోతుందని తెలిసిన మనిషి ఏం చేస్తుంది? బస్సు డ్రైవరుని తొందరపెట్టడం కుదరదు, అందుకే రేపటి నుంచి స్కూటర్ తీస్తుంది, కనిపించని రోడ్డు మీద అరవైలో వెళ్తుంది. మీ పన్నెండు మందిలో ఎంతమంది ఇప్పటికే అలా చేస్తున్నారో అడిగి చూడండి. నాతో పనిచేసిన ఒకాయన అలాగే హాజరు కోసం బండి తీసి, నంబూరు దాటాక ఆగి ఉన్న లారీని ఆలస్యంగా చూశాడు. ప్రాణం దక్కింది, కుడికాలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా వంగదు. ఆ రోజు ఆయన ఆఫీసుకి వెళ్లి ఉంటే ఆలస్యం ఇరవై నిమిషాలు.

మిగతావాళ్లకి అన్యాయం అనిపించకుండా ఉండాలంటే వెసులుబాటు అందరికీ ఒకటే పెట్టండి, గుంటూరులో ఉన్నవాళ్లకి కూడా. పొద్దున అరగంట ఆలస్యంగా వచ్చినవాళ్లు సాయంత్రం అరగంట ఎక్కువ కూర్చుంటారు, మీ పని ఎక్కడికీ పోదు. కౌంటరు తెరవడం లాంటి తప్పనిసరి పనులు ఉంటే ఆ రెండు నెలలూ దగ్గర్లో ఉండేవాళ్లకి అప్పగించి, వాళ్లని సాయంత్రం ముందే పంపించండి. నోటీసు ఎలా పెట్టాలో అడిగారు కదా, నేనైతే ఇంతే రాస్తాను: ‘డిసెంబరు 15 నుంచి జనవరి 31 వరకు ఉదయం హాజరు 8:30 దాకా తీసుకుంటాం. ఆ మేరకు సాయంత్రం పని చేయాలి. మంచు ఎక్కువగా ఉన్న రోజు ఎక్కడైనా ఆగిపోతే ఒక మెసేజ్ పెట్టండి, ఆ రోజు జీతం కోయం. దయచేసి మంచులో బైకు మీద రావద్దు.’ కింద మీ సంతకం పెట్టి, వేలిముద్ర మెషిన్ పక్కనే అంటించండి.